రంపపు సొర ముట్టెకున్నవి పళ్ళా, కావా? ఒక మార్కు పంచాయితీ

బరంపురం_మామయ్య | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఒక మార్కు గొడవ, కాస్త తేల్చిపెట్టండి.

ఉగాదికి మా బరంపురంలో తెలుగు సంఘం వాళ్ళు పిల్లలకి క్విజ్ పెట్టారు. మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. కాగితం మీద 17వ ప్రశ్న ఇది:

కింది వాటిలో పన్ను కానిది ఏది? అ) ఏనుగు దంతం ఆ) అడవిపంది కోర ఇ) ఖడ్గమృగం కొమ్ము ఈ) రంపపు సొర ముట్టె పళ్ళు

మావాడు ఇ, ఈ రెండింటికీ టిక్కు పెట్టి పక్కన "రెండూ కావు" అని రాశాడు. రెండు టిక్కులు పెట్టాడని సున్నా వేశారు. ఆ ఒక్క మార్కుతో మూడో బహుమతి పోయింది. బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా, బాధ దాని గురించి కాదు. "మామయ్యా, నేను రాసింది తప్పా?" అని వారం నుంచి బుర్ర తింటున్నాడు. ప్రశ్నలోనే "పళ్ళు" అని రాసి ఉంది కదరా అంటే, "గుర్రపుడెక్కలో గుర్రం ఉంటుందా?" అని నన్నే అడుగుతున్నాడు.

చూడని వాళ్ళకి: రంపపు సొరకి ముక్కు చోట పొడుగాటి పట్టీ ఉంటుంది, దానికి రెండు అంచులా రంపానికున్నట్టు ముళ్ళు. తగువు ఆ ముళ్ళ గురించే.

రూలంటే_రూలే | 8:52

ఒక్కటే టిక్కు పెట్టమన్నప్పుడు రెండు పెడితే సున్నాయే. పళ్ళ సంగతి తర్వాత. రేపు బ్యాంకు పరీక్షలోనూ పక్కన వ్యాఖ్యానం రాస్తాడా?

కొమ్ముపని_పర్లాకిమిడి | 9:14

నేను పెద్దగా చదువుకున్నోడిని కాదు గానీ, నలభయ్యేళ్ళుగా కొమ్ము పట్టుకున్న చెయ్యి ఇది. మా పర్లాకిమిడి కొమ్ము పని మీరంతా చూసే ఉంటారు. దువ్వెనలు, కొంగలు, రొయ్యలు. ఆవు కొమ్ము, గేదె కొమ్ము, అంతే. నిప్పు సెగ చూపిస్తే కొమ్ము మెత్తబడతాది. అప్పుడు వంచు, నొక్కు, చల్లారితే అలాగే నిలబడిపోతాది. కాలితే వెంట్రుకలు కాలిన కంపు. ఖడ్గమృగందీ అదే సరుకని విన్నాను. కాకపోతే గేదె కొమ్ములో ఎముక ఉంటాది, మేం పైడొప్ప తీసుకుంటాం. ఖడ్గమృగం కొమ్ములో ఎముకే లేదట.

ఇక అసలు మాట. మా వీధిలో ఏనుగుకున్న వాటిని ఎవడూ పళ్ళనడు. ఏనుగు కొమ్ములనే అంటాడు. పన్నంటే ఏటి? నమిలేది, కొరికేది. ఏనుగు ఆ రెంటితో చెట్టు బెరడు చీలుస్తాది, మట్టి తవ్వుతాది, పోట్లాడతాది. ఒక్క ముద్ద నమల్దు. తిండికి పనికిరానిది పన్నెలా అవుతాది? నా లెక్కన మీ ప్రశ్నలో నాలుగూ పళ్ళు కావు. పిల్లోడు ఇంకా రెండు టిక్కులు తక్కువే పెట్టాడు.

పంటి_డాక్టరమ్మ | 9:41

బాబాయ్ గారూ, మీ చేతిపని మీద గౌరవంతోనే కాదంటున్నాను. పన్ను ఏం చేస్తుందన్నది కాదు, దేనితో తయారైందన్నది చూడాలి. నేను రోజూ డ్రిల్లు పెట్టి చూసేది అదే: లోపల నరం, రక్తం ఉండే గుజ్జు, దాని చుట్టూ డెంటిన్ అనే గట్టి సరుకు, పైన ఇంకా గట్టి పూత. ఏనుగు దంతమంటే పై దవడ ముందు పన్ను. బయటికి కనిపించేది ఎంతో, పుర్రె లోపలా కొంత ఉంటుంది. దాదాపు మూడో వంతు లోపలే. అందులో గుజ్జు ఉంటుంది. బతికినంత కాలం పెరుగుతూనే ఉంటుంది. అడవిపంది కోర మన కోరపన్నే. కింది కోర పై కోరకి రాసుకుని పదునెక్కుతుంది.

కొమ్మని పిలిచినంత మాత్రాన కొమ్మయిపోదు. ఆర్కిటిక్ సముద్రంలో నార్వాల్ అనే తిమింగలం ఉంది. దాని తల ముందు బల్లెంలా మెలితిరిగి 3 మీటర్ల దాకా పొడుచుకొస్తుంది. యూరప్‌లో ఒకప్పుడు దాన్ని ఒంటికొమ్ము గుర్రం కొమ్మని చెప్పి రాజులకే అమ్మేశారు. అది ఎడమ పక్క పై కోర. పెదవిని చీల్చుకుని బయటికొచ్చేసింది, నోట్లో మాత్రం నమలడానికి ఒక్క పన్నూ లేదు. ఇండోనేషియాలో సులవేసి దీవిలో బాబిరూసా అనే పంది ఉంది, దానివి మరీ విడ్డూరం. మగదాని పై కోరలు కిందికి దిగకుండా పైకి తిరిగి, ముట్టె చర్మాన్ని పొడుచుకుని బయటపడి, కళ్ళ వైపు వంగుతాయి. తిండికి అణా ఉపయోగం లేదు. అయినా పళ్ళే.

సరదాకి ఇంకొకటి. ఖడ్గమృగం కొమ్ము పన్ను కాదు గానీ, మన కజిరంగా ఖడ్గమృగం పోట్లాటలో ఎదుటిదాన్ని చీల్చేది ఎక్కువగా కింది దవడ ముందు పళ్ళతోనే. కొమ్ముకి పేరు, పంటికి పని.

ఇక మీ మేనల్లుడి సంగతి. రంపపు సొర ముళ్ళలో ఉన్నదీ డెంటినే. కాబట్టి నా ఓటు ప్రశ్న పెట్టిన ఆయనకే. సారీ అన్నయ్యా.

బరంపురం_మామయ్య | 9:50

పంటి డాక్టరే పోటు పొడిస్తే ఇంకెవరికి చెప్పుకోవాలమ్మా. వాడికి ఇది చూపించను.

సముద్రం_పక్కనే | 10:22

మాది గోపాలపూర్. వేట కుటుంబం. నేనిప్పుడు సెల్ ఫోన్ల షాపులో ఉన్నాను గానీ, మా తాత కట్టుమరం మీద వెళ్ళేవాడు. మా ఇంటి దూలానికి ఒక రంపం వేలాడుతుండేది, నా అంత పొడుగు. చిన్నప్పుడు దాని ముళ్ళు లెక్కపెట్టుకుంటూ నిద్రపోయేవాణ్ణి. పక్కకి ఇరవై దాకా ఉండేవి.

ముందొక మాట సరిచేస్తాను. పేరులో సొర ఉందని సొర కాదది. బల్లపరుపుగా ఉండే టేకు చేప జాతి. మొప్పల చీలికలు సొరకి పక్కలకుంటాయి, దీనికి టేకుకున్నట్టు కడుపు వైపు ఉంటాయి. మావాళ్ళు ఆకారం చూసి సొరన్నారు, అంతే.

ఇక పళ్ళు. తాత చెప్పింది: సొర పన్ను ఊడితే వెనక వరసలోది ముందుకొస్తుంది, దాని వెనక ఇంకో వరస కాచుకుని ఉంటుంది. రంపం ముల్లు పీఠంతో ఊడిందంటే గుంట మిగులుతుంది, మళ్ళీ రాదు. మా రంపానికి అలాంటి గుంటలు మూడున్నాయి. నోరు వేరే ఉంది, రంపం కింద, అడుగు వైపు. అందులో వరసలు వరసలుగా చిన్న చిన్న మొద్దు పళ్ళు. వేలు పెట్టి చూస్తే గరుకు కాగితంలా ఉంటుంది. తినేది వాటితో. రంపంతో చేసేది చేపల గుంపులో అటూ ఇటూ ఝాడించి కొట్టడం. ఇసుకలో దాక్కున్న చేపని కనిపెట్టేదీ ఆ పట్టీతోనేనట, చేప ఒంట్లో పుట్టే సన్నటి కరెంటు దానికి తెలుస్తుందట.

నోట్లో నిఖార్సయిన పళ్ళు పెట్టుకుని ముట్టె మీద ఉన్నవాటిని పళ్ళంటే ఎలా? చేతికి పది గోళ్ళున్నాయని దువ్వెన పళ్ళని కూడా గోళ్ళంటామా? కుర్రాడు కరెక్టు.

(ఆ రంపం ఇప్పుడు లేదు. 2001లో రంపపు సొరల్ని వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లోకి తెచ్చారు, పులితో సమానం. ఎవరింట్లోనైనా ఉంటే గొప్పకి ఫొటోలు పెట్టకండి బాబూ. పాపం ఆ రంపమే దాని కొంప ముంచింది. వల తగిలిందంటే ముళ్ళు చిక్కుకుని ఇక విడిపించుకోలేదు. మా నాన్న తరం నుంచి కంటపడనేలేదు.)

రాయగడ_జువాలజీ | 11:35

ఆలస్యంగా చూశాను. ఇంటర్ పిల్లలకి జంతుశాస్త్రం చెప్తాను కాబట్టి కొంచెం పొడుగు భరించండి.

డాక్టరమ్మ గారి కొలబద్దతోనే మొదలుపెడదాం. డెంటిన్ ఉంటే పన్ను అన్నారు. సరే. సొర చర్మం మీద చెయ్యి తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా, తోక నుంచి తల వైపు నిమిరితే గరగరలాడుతుంది. సముద్రం తమ్ముడికి తెలిసే ఉంటుంది. పూర్వం సొరతోలుతో చెక్కని నున్నగా పట్టేవాళ్ళు. ఆ గరుకుకి కారణం పొలుసులు. ఒక్కొక్క పొలుసు కోసి చూస్తే లోపల గుజ్జు, చుట్టూ డెంటిన్, పైన ఎనామెల్ లాంటి గట్టి పూత. అచ్చం పన్ను. అందుకే వాటికి చర్మదంతాలని పేరు. రంపపు సొర ముళ్ళు ఆ పొలుసులు పెద్దవైనవే. ఇప్పుడు చెప్పండి మేడమ్, డెంటిన్ ఒక్కటే గుర్తయితే సొర ఒళ్ళంతా పళ్ళే. దానికి పళ్ళెన్ని అని క్విజ్‌లో అడిగితే ఏ టిక్కు పెట్టాలి?

అసలు ఈ తగువు మన బరంపురంలో పుట్టింది కాదు. పొలుసు ముందా పన్ను ముందా అని శాస్త్రజ్ఞులు వందేళ్ళకు పైగా కొట్టుకుంటున్నారు. చర్మం మీది పొలుసులే పెదవి దాటి నోట్లోకి జరిగి పళ్ళయ్యాయని ఒక వర్గం. కాదు, గొంతు లోపల మొదలై ముందుకొచ్చాయని ఇంకో వర్గం. 2025లో చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు నేచర్ పత్రికలో ఒక పరిశోధన అచ్చు వేశారు. 46 కోట్ల ఏళ్ళకు పైబడిన ఎరిప్టికియస్ అనే దవడల్లేని చేప, దాని ఒంటి కవచంలో డెంటిన్ ఉంది. ఆ డెంటిన్ అక్కడ నమలడానికి కాదు, చుట్టూ నీళ్ళలో ఏం జరుగుతోందో పసిగట్టడానికి ఉండి ఉంటుందని వాళ్ళ మాట. అంటే డెంటిన్ పుట్టేనాటికి దవడే లేదు. పంటి సరుకు పంటికంటే ముసలిది.

పంటి_డాక్టరమ్మ | 11:48

ఒప్పుకోను గానీ, బాగుంది! చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేది అందుకేనన్నమాట. ఎనామెల్ అరిగి డెంటిన్ బయటపడిన పేషెంట్లకి రేపట్నుంచి "మీకు 46 కోట్ల ఏళ్ళ నాటి జబ్బమ్మా" అని చెప్తాను. ఇందాకటి నార్వాల్ దంతానికీ ఆ సంగతుంది. సముద్రపు నీళ్ళు తగిలేలా సన్నటి గొట్టాలు బయటి నుంచి లోపలి నరాల దాకా వెళ్తాయి.

రూలంటే_రూలే | 11:55

స్టీలు డబ్బా కోసం 46 కోట్ల ఏళ్ళు వెనక్కి వెళ్ళారు. శుభరాత్రి.

మల్కన్‌గిరి_వదిన | సోమవారం, ఉదయం 6:30

పొద్దున్నే టీ పెట్టుకుని మొత్తం చదివాను. మా పుట్టింటి వాళ్ళు తూర్పు గోదావరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, నాకు వంటిల్లే తెలుసు. గోపాలపూర్ తమ్ముడు నోట్లో ఉంటేనే పళ్ళన్నట్టు మాట్లాడాడు. శీలావతి చేప నోట్లో వేలు పెట్టి చూశారా ఎప్పుడైనా? బొచ్చెకైనా సరే. దవడలకి ఒక్క పన్ను ఉండదు. బోసి నోరు. మరి ఆ తల పులుసు పెట్టేటప్పుడు మొప్పలు తీశాక గొంతు దగ్గర గట్టిగా రెండు వంపు ఎముకలు తగులుతాయి చూడండి. వాటి మీద మూడు వరసల్లో పళ్ళు! బోసినోటి ముసలాయన పళ్ళ సెట్టు మింగేసినట్టు. నేను కొత్తలో వాటిని చూసి భయపడి తల మొత్తం పిల్లికేసేశాను, మా అత్తగారు వారం రోజులు సాధించారు.

కాబట్టి చోటు లెక్క కాదు. గొంతులో ఉంటే పన్నయినప్పుడు ముక్కు మీద ఉంటే ఎందుకు కాకూడదు?

సిరివంచ_అడవి | 7:48

గీ ముచ్చట ఇయ్యాలే చూసిన. మాది సిరివంచ, మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. గోదావరి దాటితే కాళేశ్వరం. ఒడిశా అన్నలు గుస్సా గాకుండ్రి, మా దిక్కు కూడా తెలుగే.

పర్లాకిమిడి పెద్దమనిషీ, మీరు ఏనుగువి కొమ్ములంటున్నరు. మా ఊళ్ళె మరాఠీవాళ్ళు ఏమంటరో చెప్త: "హత్తీచే దాఖవాయచే దాత్ వేగళే, ఖాయచే దాత్ వేగళే." ఏనుగుకు చూపెట్టే పండ్లు వేరు, తినే పండ్లు వేరు అని. చూపెట్టేటివైనా పండ్లే అన్నరు కదా! ఒడియాల కూడా హాతీ దాంతొ అనే అంటరని విన్న.

తినే పండ్ల ముచ్చట కమలాపూర్ల తెలుసుకున్న, గక్కడ ఏనుగుల క్యాంపున్నది. దవడ పన్ను ఒక్కోటి ఇటుకంత. మనకు కిందికెల్లి పైకి వస్తయి, దానికి ఎనకకెల్లి ముందుకు జరుగుతయి. ముందటిది అరిగి ముక్కలై రాలుతది, ఎనకది జరిగొస్తది. గట్ల జన్మల ఆరు జతలు. ఆరోది అరిగిందంటే ముసలి ఏనుగు నమలలేక సావుడే. గణపతి దేవునికి ఒక దంతం పోతే ఏకదంతుడన్నరు, ఆరో జత పోయిన ఏనుగును ఎవ్వరు పట్టించుకోరు.

ఇగ "పని చేసేదే పన్ను" అన్నరు కదా పెద్దమనిషీ. విదర్భల ఒక పాముంది, ఒట్టి గుడ్లు మాత్రమే తింటది. వార్ధా, అమరావతి దిక్కు దొరికింది. గుడ్డును అట్లనే మింగుతది, గొంతుల ఎన్నుపూస ముండ్లు గుడ్డు పెంకును చీలుస్తయి. కొరికే పని చేస్తున్నది ఎన్నెముక! దాన్ని పన్నందామా? అడవిల అలుగుకు ఒక్క పన్ను లేదు, కడుపుల రాళ్ళు నూరుతయి. రాళ్ళను పండ్లందామా? ఎలుగుకేమో పై దవడల నడిమి ముందు పండ్లు రెండు ఉండయి. చెదలు పీల్చుకునుటానికి సందు. లేని పన్ను పనిచేస్తున్నది గక్కడ!

కొమ్ముపని_పర్లాకిమిడి | 9:05

సిరివంచ తమ్ముడు నన్ను బాగా ఇరికించాడు. ఎలుగు మాట నిజమే, మా జిల్లాలో జీడితోటల్లోకి వస్తాయి.

కానీ ఒక్కటి అడుగుతాను. గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలో బడి చెప్పినోరు. జనం నోట్లో ఉన్న మాటే భాష అని జన్మంతా పోట్లాడినోరు. జనం ఏనుగు కొమ్మన్నారు. క్విజ్ పెట్టింది తెలుగు సంఘం, సైన్సు సంఘం కాదు. తెలుగులో పన్ను కానిది ఏది అని అడిగారు. తెలుగులో అయితే కొమ్మన్నదీ పన్ను కాదు, కోరన్నదీ పన్ను కాదు. కోర వేరే మాట కాదేటి?

రాయగడ_జువాలజీ | 9:40

గిడుగు వారిని దింపాక నాకు నోరు లేవదు. కానీ పంతులు గారు సవరల ఊళ్ళకి వెళ్ళి వాళ్ళ మాటని వాళ్ళు వాడినట్టే రాసుకున్నారు. ఆ లెక్కన రంపం సంగతి గోపాలపూర్ వాళ్ళనడగాలి, వాళ్ళేమో ముళ్ళంటున్నారు. జనం మాట ప్రకారమే వెళ్ళినా కుర్రాడు గెలిచాడు!

జనం మాట కొన్నిచోట్ల శాస్త్రానికి పనికొస్తుంది కూడా. ఇంగ్లీషు వాళ్ళు బ్యాండికూట్ అనేది మన పందికొక్కు నుంచే తీసుకున్నారు. దాని ముందు పళ్ళకి ముందువైపు మాత్రమే ఎనామెల్, వెనక మెత్తటి డెంటిన్. వెనకది ముందు అరుగుతుంది కాబట్టి ఉలిలా ఎప్పుడూ పదునే. ఎలుక జాతి పళ్ళు పసుపుగా ఉండేది పాచి వల్ల కాదు, ఎనామెల్‌లో ఇనుము వల్ల. ఇది దారి తప్పిన మాట, వదిలేయండి. పందికొక్కు అనగానే ఆగలేను.

రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, అసలు చెప్పాల్సింది ఇది. వదిన గారు చోటు లెక్క కాదన్నారు. నిజమే. దానికి ఇంకా పెద్ద సాక్ష్యం 2025 సెప్టెంబరులో వచ్చింది. అమెరికా పడమటి తీరంలో మచ్చల ర్యాట్‌ఫిష్ అని సొరలకి దూరపు చుట్టం ఒకటుంది, రెండడుగుల చేప. మగదానికి నుదుటి మీద చిన్న కొక్కెం లాంటి కాడ. దాని మీద వరసలుగా కొక్కేల పళ్ళు. కలిసేటప్పుడు ఆడదాని రెక్కని దాంతో పట్టుకుంటుంది, నీళ్ళలో జారిపోకుండా. అందరూ వాటిని చర్మం పొలుసులే అనుకున్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎదుగుతున్న చేపల్ని దశదశలో చూస్తే నుదుటి కాడలో డెంటల్ లామినా కనిపించింది.

ఇదేమిటంటే, చిగుళ్ళలో ఉండే ఒక కణజాలపు పట్టీ. మన పాలపళ్ళు, తర్వాతి పళ్ళు అన్నీ దాంట్లోంచే మొలకెత్తుతాయి. సొరకి వరస వెనక వరస వచ్చేదీ దాని వల్లే. దవడ బయట ఎక్కడా అది ఉండదనుకునేవారు. ఈ చేపకి నుదుటి మీద ఉంది. కాబట్టి నుదుటి మీదున్నా అవి నిజమైన పళ్ళు. పొలుసు మాత్రం లామినా నుంచి పుట్టదు, చర్మంలోనే ఎక్కడికక్కడ వస్తుంది. రంపపు సొర ముళ్ళు వచ్చేది పొలుసు దారినే, పంటి దారిన కాదు. సముద్రం తమ్ముడి తాతగారు చెప్పిన గుంట గుర్తుందా? ఊడితే వెనక నుంచి ఇంకొకటి రావడానికి అక్కడ లామినా లేదు.

అందుకని నా తీర్పు: పని చూసి కాదు, చోటు చూసి కాదు, సరుకు చూసీ కాదు. పుట్టుక చూసి. నుదుటివి పళ్ళు, రంపానివి కావు. మార్కు ఇవ్వాల్సిందే.

పంటి_డాక్టరమ్మ | 10:15

వాదన గట్టిగానే ఉంది. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. "పళ్ళు పుట్టిందే పొలుసుల నుంచి" అనే వర్గం రేపు గెలిస్తే? అప్పుడు రంపం ముల్లు పంటికి పెదనాన్న కొడుకు అవుతుంది. ఇంటిపేరు ఒకటే, ఇల్లు వేరు. ఆ తగువు తేలేదాకా నాది సగం ఓటే. అటు సగం, ఇటు సగం.

కోడిపిల్ల గుడ్డు పగలగొట్టుకునే గుడ్డుపన్ను విషయంలో మాత్రం మీ పుట్టుక సూత్రం చక్కగా పనిచేస్తుందని ఒప్పుకుంటాను. కోడిపిల్లది ముక్కు మీది గోరులాంటి బుడిపె, పేరుకే పన్ను. పాముపిల్లది అచ్చమైన పన్ను, దవడలోంచి మొలిచి, గుడ్డు చీల్చి, ఊడిపోతుంది. పని ఒకటే, పేరు ఒకటే, ఒకటి పన్ను, ఒకటి కాదు. ఆ ప్రశ్న వేసి ఉంటే గొడవ లేకపోయేది.

సముద్రం_పక్కనే | 10:31

తాబేలు పిల్లకీ ఆ బుడిపె ఉంటుంది మేడమ్. రుషికుల్య నది మొగలో పిల్లలు ఇసుకలోంచి బయటికొచ్చినప్పుడు ముక్కు కొస మీద తెల్లగా కనిపిస్తుంది. పెద్ద తాబేలుకి నోట్లో పళ్ళు లేవు, గొంతు నిండా కిందికి వంగిన ముళ్ళు. జెల్లీ చేప ఒకసారి లోపలికి పోతే మళ్ళీ బయటికి రాదు. వాటిని పళ్ళనుకుని ఎంతమంది వీడియోలు పెట్టారో.

ప్రశ్నపత్రం | మధ్యాహ్నం 1:20

ఎవరో లింకు పంపితే చూశాను. ఆ ప్రశ్న రాసింది నేనే. ఇన్ని మాటలు పడతానని రాసేటప్పుడు అనుకోలేదు.

నా పక్షాన రెండు మాటలు. పిల్లల క్విజ్ కాబట్టి అందరికీ తెలిసిన అర్థంలోనే అడిగాను. ఖడ్గమృగం కొమ్ముకి "కొమ్ము" అని రాసి, రంపపు సొరకి "పళ్ళు" అని రాసి, తప్పుదారి పట్టించింది నేనే, అది ఒప్పుకుంటున్నాను. అలా రాయకపోతే పిల్లలకి ఆ వస్తువే అర్థం కాదు. రెండోది, రెండు టిక్కులకి సున్నా అని ముందే మైకులో చెప్పాం. ఆ బాబు లేచి అడిగి ఉంటే అక్కడికక్కడే చూసేవాళ్ళం.

సంఘం పెద్దలతో మాట్లాడాను. 17వ ప్రశ్న రద్దు చేసి అందరికీ ఒక మార్కు కలపడానికి ఒప్పుకున్నారు. మూడో స్థానం ఇద్దరికి వస్తుంది. డబ్బా రెండోది కొనాలి, అది నా ఖాతాలోనే.

రూలంటే_రూలే | 1:26

రద్దు చెయ్యడం రూలే. ఇది బాగుంది.

కొమ్ముపని_పర్లాకిమిడి | 1:50

పెద్దమనిషి తరహాగా చేశారు పంతులు గారూ. డబ్బా వద్దులెండి, కుర్రాడికి కొమ్ముతో ఒక రంపపు సొర చేసి పంపిస్తాను. ఆ ముళ్ళు చెక్కడమే కష్టం, రెండు పక్కలా నలభై.

బరంపురం_మామయ్య | సాయంత్రం 6:05

అందరికీ దండాలు. మొత్తం వాడికి చదివి వినిపించాను, డాక్టరమ్మ మొదటి పోస్టుతో సహా. చిక్కు ఏమిటంటే వాడు రద్దుకి ఒప్పుకోవడం లేదు. "రద్దయితే అ రాసినోడికీ మార్కొస్తుంది, నేను కరెక్టని ఎక్కడ రాసినట్టు?" అంటాడు. ఏనుగు దంతం పన్ను కాదని రాసినవాడు వాడి బెంచీ పక్కవాడే, అసలు మంట అక్కడుంది.

పంతులు గారూ, వీలైతే ఆ కాగితం మీద ఎర్ర ఇంటూ కొట్టేసి ఒక సంతకం పెట్టండి, చాలు. ఆదివారం తీసుకొస్తాను వాణ్ణి.

వదినా, మీ పుణ్యమా అని ఈ రోజు మా చెల్లెలు శీలావతి తల తెచ్చింది. పులుసు ఇంకా పొయ్యెక్కలేదు. వంటింట్లో పళ్ళెంలో ఆ రెండు ఎముకలు పెట్టుకుని టార్చి వేసి లెక్కపెడుతున్నాడు.

ప్రశ్నపత్రం | 6:30

ఆదివారం పదింటికి రండి. కాగితాల కట్ట బీరువాలోనే ఉంది. కొమ్ముపని వారు ఏనుగు కొమ్మన్నారు కాబట్టి పక్కవాడి మార్కు మాత్రం తీయలేను.